పద్నాలుగో ప్రశ్న

ఫిబ్రవరి 3, సోమవారం

యాభయ్యో ఏట నా మెడలో బిళ్ళ పడింది. నీలం తాడు, తెల్ల కార్డు, నా ఫోటో, కింద అచ్చులో "కమ్రూన్, స్థానిక పరిశోధన సహాయకురాలు". ఇంటికొచ్చాక కూడా తియ్యలేదు. అద్దం ముందు ఒకసారి, రొట్టెలు కాలుస్తూ ఇంకోసారి చదువుకున్నాను. మా ఆయన ఇమ్తియాజ్ చూసి, "పెనం మీద కూడా పరిశోధనేనా?" అని నవ్వారు. ఆయన నవ్వి చాలా కాలమైంది కాబట్టి రాసుకుంటున్నాను.

లండన్ నుంచి ఒక విధాన పరిశోధన సంస్థ మా ఊరికి వచ్చింది. వచ్చిందంటే ఒక్క అమ్మాయి. పేరు హెలెన్, ముప్పై నాలుగేళ్ళు, డాక్టరు. జ్వరాలకి కాదు, చదువుకి. తీవ్రవాదం మా ముస్లిం పేటల్లోకి ఎలా వస్తుంది, రాకుండా ఎలా ఆపాలి అన్నది ఆమె విషయం. మా మస్జిదు చుట్టుపక్కల అరవైమంది ఆడవాళ్ళని ప్రశ్నలడగాలి. కొత్త మొహానికి మావాళ్ళు గేటు తియ్యరు కదా, అందుకని ఇమాం సాహెబు నా పేరు చెప్పారు.

ఎందుకు ఒప్పుకున్నానో ఇక్కడ రాయక్కర్లేదు. అయినా రాస్తాను. ఆ నివేదిక చివరి అధ్యాయం శిబిరాల్లో ఉన్నవాళ్ళ గురించట. పరాయి దేశంలో యుద్ధానికి వెళ్ళి అక్కడ చిక్కుపడ్డవాళ్ళ భార్యల్నీ పిల్లల్నీ మన దేశం వెనక్కి తెచ్చుకోవాలా వద్దా అని. అది మా రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో మంత్రిగారి బల్ల మీదికి వెళుతుందట. నా కూతురు, దాని ఇద్దరు పిల్లలు అలాంటి శిబిరంలో ఉండబట్టి ఆరేళ్ళు. అల్లుడు పోయాడు. మనవరాలిని నేను ఫోటోలోనే చూశాను, అదీ సగం మొహం.

హెలెన్‌కి ఇది తెలియదు. అడగలేదు. అడగనిదాన్ని చెప్పకపోవడం అబద్ధం కాదు.

ఫిబ్రవరి 5, బుధవారం

రెండు రోజులు శిక్షణ! హైస్కూలు వదిలాక మళ్ళీ నోటుబుక్కు పెట్టి నేర్చుకోవడం ఇదే. నియమాలు నాకు కంఠతా వచ్చేశాయి. ప్రశ్న చదివేటప్పుడు తల ఊపకూడదు. జవాబు నచ్చినా నచ్చకపోయినా మొహంలో కనపడకూడదు. పక్కనున్నవాళ్ళు అందించిన జవాబు రాయకూడదు, ఎవరిని అడిగామో ఆ మనిషే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, మూడో మనిషి పేరు కాగితం మీదికి రాకూడదు. ఎవరైనా చెప్పబోతే మర్యాదగా ఆపాలి. ఆ కాగితాలు ఎవరి చేతిలో పడితే ఎవరికి ముప్పో తెలియదు కదా అంది హెలెన్. ఆ నియమం నాకు బాగా నచ్చింది.

మొత్తం ఇరవై రెండు ప్రశ్నలు. పద్నాలుగోది: తీవ్రవాద సంస్థలో చేరడానికి విదేశం వెళ్ళిన మనిషి ఎవరైనా మీకు స్వయంగా తెలుసా? తెలుసు, తెలియదు. రెండే గళ్ళు.

హెలెన్ తలకి చుట్టుకున్న గుడ్డ మాటిమాటికీ జారిపోతోంది. నా పిన్ను తీసి పెట్టాను. "కమ్రూన్ గారూ, ఇంత చదువు చదివాను, ఇది నేర్పలేదు ఎవరూ" అంది. మంచి పిల్ల.

ఫిబ్రవరి 7

బిళ్ళ తాడు కుట్టు ఊడింది. ఎర్ర దారంతో కుట్టాను.

ఫిబ్రవరి 10, సోమవారం

మొదటి ఇల్లు హమీదన్ అక్కది. పక్క సందులోనే, మిరపకాయ పచ్చడి చేసి అమ్ముతుంది. నోరు ఆ పచ్చడి కంటే ఘాటు. గేటు దగ్గరే మొదలుపెట్టింది.

"ఏమే కమ్రూనూ, మెడకి తాడు కట్టి ఇల్లిల్లూ తిప్పుతున్నారా? బక్రీదుకి ఇంకా నాలుగు నెలలుందే, అప్పుడే మేకని కొన్నారా?"

మా మాట వేగం హెలెన్‌కి ఇంకా అందడం లేదు. "ఏమంటున్నారు?" అని అడిగింది.

"లోపలికి రమ్మంటోందమ్మా" అన్నాను.

తొమ్మిదో ప్రశ్న: ఈ మధ్య మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి ఎక్కువ నమాజు చెయ్యడం మొదలుపెట్టారా?

"మా ఆయన" అంది అక్క. "డాక్టరు గుండె కొయ్యాలి అన్న రోజు నుంచీ. ముందు శుక్రవారం కూడా డామినోల ఆట బల్ల వదిలేవాడు కాదు."

హెలెన్ గంభీరంగా రాసుకుంది. నేను నియమం ప్రకారం మొహం కదపలేదు. పదో ప్రశ్నకి వెళ్ళిపోయాను.

పద్నాలుగోది చదివాను. అక్క నన్ను చూసింది. తర్వాత నేల మీద గచ్చుపలకల్ని చూసింది.

"తెలుసు" అంది మెల్లిగా. "తెలియకేం. అది మన..."

"పేర్లు వద్దక్కా. పేర్లు అడగరు."

టక్కున నోరు మూసుకుంది. హమీదన్ అక్క నోరు అలా మూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. లేచి వెళ్ళి పళ్ళెం నిండా ఫులౌరీ బజ్జీలు తెచ్చి హెలెన్ ముందు పెట్టింది. పచ్చడి నంజుకున్న హెలెన్‌కి కళ్ళ వెంట నీళ్ళు. "ఇది ఏ గడిలో రాస్తావు పిల్లా?" అంది అక్క.

అక్క ఎవరిని అనుకుందో నాకేం తెలుసు. పేరు చెప్పలేదు కదా.

ఫిబ్రవరి 14, శుక్రవారం

పద్నాలుగు ఇళ్ళు అయ్యాయి. "తెలుసు" అన్నవాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిది ఇళ్ళే!

ఫిబ్రవరి 18, మంగళవారం

ఫోనులో నా కూతురు రికార్డు చేసి పంపిన గొంతు వచ్చింది. ఇరవై రెండు సెకన్లు. "అమ్మా, బాగున్నాం. సఫియాకి ముందు పన్ను ఊడింది. ఇల్యాస్ దాన్ని గుడారం కింద పాతిపెట్టాడు." తర్వాత గాలి హోరు.

పదకొండుసార్లు విన్నాను. ఇమ్తియాజ్ పనికి పోయే హడావిడిలో స్క్రూడ్రైవర్ల పెట్టె సర్దుకుంటున్నారు. "ఆ ఫోను వచ్చిందా?" అన్నారు. ఆరేళ్ళుగా ఆయన మాట అదే, ఆ ఫోను. కూతురి పేరు ఆయన నోట రాదు. ఊళ్ళో ఎవరి నోటా రాదు. మరచిపోయి ఉంటారు, ఎవరి బతుకులు వాళ్ళవి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

హెలెన్ అంది, "కమ్రూన్ గారూ, మీరూ ఈ ఊరి మనిషే కదా. మీ ఫారం కూడా నింపండి." నాది ముప్పై తొమ్మిదో నంబరు.

అన్నిటికీ శుభ్రంగా రాశాను. తొమ్మిదో ప్రశ్నకి, నా నమాజు చిన్నప్పటి నుంచీ ఒకేలా ఉంది అని పక్కన రాశాను కూడా. పద్నాలుగు దగ్గర పెన్ను సరిగా రాయలేదు. విదిలించి "తెలియదు" గడిలో గీత పెట్టాను. ఆ ప్రశ్న తీవ్రవాద సంస్థలో చేరడానికి వెళ్ళినవాళ్ళ గురించి. నా కూతురు మొగుడి వెంట వెళ్ళింది. అది వేరు.

పెన్ను మార్చాలి.

ఫిబ్రవరి 28, శుక్రవారం

అరవై పూర్తయ్యాయి. హెలెన్ తన కంప్యూటర్లో కూడి చూపించింది. పద్నాలుగో ప్రశ్నకి "తెలుసు" నలభై ఒకటి!

నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈ ఊరి మొత్తానికి మచ్చ నా ఇల్లే అని తల వంచుకుని మస్జిదు చివరి వరసలో నిలబడుతున్నాను. నలభై ఒక్క ఇళ్ళట! ఈవేళ జుమా నమాజులో కళ్ళు దించుకోలేదు, అల్లా క్షమించాలి. జైబున్ వదిన ఎప్పుడూ కళ్ళు తుడుచుకుంటూ ఉంటుంది, ఆవిడకి తమ్ముడెవరైనా పోయాడా? టైలరు భార్య ఎవరితోనూ కలవదు, ఆవిడదీ అదేనా? ప్రతి వీపునీ చూస్తూ, నువ్వూనా అమ్మా, నువ్వూనా అనుకున్నాను. దుఃఖానికి ఇంత తోడు ఉందని తెలిస్తే ఆరేళ్ళు వంటగదిలో ఏడ్చేదాన్నా?

ఇంతమంది తమవాళ్ళని వెనక్కి తెమ్మని అడుగుతుంటే మంత్రి కాదంటాడా? తప్పకుండా తెస్తారు. పాలలో సేమ్యాలు కాచి సందులో అందరికీ పంచాను. హమీదన్ అక్క గిన్నె అందుకుని, "దేనికే ఇది?" అంది.

"ఊరికే."

"రంజాను ఉపవాసాలు రేపటి నుంచి కదా, ఈవేళే ఈదు చేసేస్తున్నావేంటే?" అని నన్ను అదోలా చూసింది.

మార్చి 4, మంగళవారం

కార్నివాల్ ఊరేగింపు. పెద్ద రోడ్డు మీద పాటల లారీలు పోతుంటే కిటికీ రెక్కలు దడదడలాడుతున్నాయి. ఉపవాసంతో ఖురాను చదువుకుంటున్నాను. యాసీన్ సూరా మధ్యలో ఎవడో "చేతులు పైకెత్తండి" అని అరుస్తున్నాడు. నేను అల్లాకి దువా చేస్తూ ఎలాగూ ఎత్తాను.

మధ్యాహ్నం హెలెన్ వచ్చింది, చెంపల నిండా మెరుపు పొడి. "కమ్రూన్ గారూ! లండన్లో మా పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట! ఇంత అంకె ఆయన ఎక్కడా చూడలేదట. సభ పెడతారట, పత్రికలవాళ్ళని పిలుస్తారట!"

నా రెండు చేతులూ పట్టుకుని గెంతింది. నేనూ గెంతాను, యాభై ఏళ్ళదాన్ని, ఉపవాసం మీద.

మార్చి 11, మంగళవారం

నివేదిక చిత్తుప్రతి ఇచ్చింది. సందుల పేర్లు, మనుషుల వరసలు తప్పులుంటే దిద్దమంది. మొదటి పేజీలో కృతజ్ఞతల్లో నా పేరు ఉంది. వేలితో తడిమి చూసుకున్నాను.

ముప్పై ఒకటో పేజీ. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"ఈ పేటలో ప్రతి ముగ్గురు స్త్రీలలో ఇద్దరికి తీవ్రవాద సంస్థలో చేరిన వ్యక్తి స్వయంగా తెలుసు. ఈ ప్రశ్న దగ్గర చాలామంది తల దించుకుని, గొంతు తగ్గించి జవాబిచ్చారు. ఊళ్ళో ఎవరికో భయపడుతున్నట్టు కనిపిస్తుంది."

ఇంకొన్ని పేజీల తర్వాత, చివరి అధ్యాయంలో:

"ఇలాంటి చోట్లకు శిబిరాల నుంచి కుటుంబాలను పంపితే పాత సంబంధాలు మళ్ళీ అల్లుకుంటాయి. వారిని ఇప్పట్లో వెనక్కి తీసుకురావడం తగదు."

తగదు.

మార్చి 12

ఏమీ రాయను.

మార్చి 13, గురువారం

తెల్లవారి ఫజర్ నమాజు అవగానే హమీదన్ అక్క ఇంటికి వెళ్ళాను. పెరట్లో మిరపకాయలు ఆరబోస్తోంది.

"అక్కా, ఆ రోజు పద్నాలుగో ప్రశ్నకి తెలుసు అన్నావు. ఎవరిని అనుకుని అన్నావు?"

చేట కింద పెట్టింది. "పొద్దున్నే వెటకారమా?"

"కాదక్కా. చెప్పు."

"నీ కూతుర్ని కాక ఇంకెవర్నే? ఈ ఊళ్ళోంచి ఇంకెవరు పోయారు? చెప్పబోతే నువ్వే కదా పేర్లు వద్దని నోరు నొక్కేశావు!"

"మిగతా నలభైమంది?"

"నలభైమందీ దాన్నే అనుకుని ఉంటారు. నీ కూతురు ఒక్కతే కదే తల్లీ, అందరికీ తెలిసినదాయె."

"మరి నా ముందు ఇన్నేళ్ళూ ఎవరూ..."

"ఆనాడే అనుకున్నాం మేమంతా. కమ్రూన్ చెవిన ఆ పేరు పడకూడదు, దాని గుండె అసలే పచ్చిపుండు అని. నువ్వు గదిలో కూర్చుని ఆ ప్రశ్న చదువుతుంటే ఎవరు తల ఎత్తుతారే?"

వాళ్ళు భయపడింది నాకు కాదు. నా కోసం.

నాకు తెలియదా? మొదటి ఇంట్లో, గచ్చుపలకల్ని చూస్తున్న అక్క కళ్ళలోనే తెలిసిపోయింది. తెలిసీ నలభై ఒక్కసార్లు "పేర్లు వద్దు" అన్నాను. తెలిసీ సేమ్యాలు పంచాను. నిజం చెబితే నేను మళ్ళీ ఒక్కదాన్నే. చెప్పకపోతే పిల్లలు ఆ గుడారంలోనే.

మార్చి 14, శుక్రవారం

హెలెన్ ఉంటున్న ఇంటికి వెళ్ళాను. సోమవారం లండన్‌కి పంపాలని పేజీలు సరిచేస్తోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అమ్మా, నలభై ఒకటి కాదు."

"తప్పు కూడామా?"

"కూడిక సరిగానే ఉంది. మనిషి ఒక్కతే. నలభై ఒక్కమందికీ తెలిసింది ఒక్కతే. నా కూతురు."

కంప్యూటరు మీది చేతులు ఆగిపోయాయి. తర్వాత, "మీ ఫారం ముప్పై తొమ్మిది కదా" అంది.

"అందులో తెలియదని రాశాను."

"కమ్రూన్ గారూ, నెలా పది రోజులు కలిసి తిరిగాం. మీ పిన్నుతో నా తలగుడ్డ కట్టుకున్నాను. నాకు చెప్పలేదేం?"

"అడగలేదమ్మా మీరు."

"అడిగాను" అంది. గొంతు పెంచలేదు. "పద్నాలుగో ప్రశ్న అదే."

మెడలో బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాను. ఎర్ర దారం కుట్టు పైకి కనిపిస్తోంది. హెలెన్ దాన్నే చూస్తూ కూర్చుంది. లేచి కిటికీ దాకా వెళ్ళింది, వచ్చింది.

"తప్పు నాది కూడా. ఎంతమందికి తెలుసని అడిగాను. ఎంతమంది తెలుసని అడగలేదు. అరవైమంది ఒకరికొకరు చుట్టాలైన ఊళ్ళో!" తల పట్టుకుంది. "మా పెద్దాయన నా తోలు వలుస్తాడు."

తర్వాత బిళ్ళ తీసి నా చేతిలో పెట్టింది. "నలభై ఒక్క ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళాలి. ఈసారి పేరు చెప్పడం ఇష్టమా అని అడుగుదాం. ఇష్టమైనవాళ్ళే చెబుతారు. కానీ మీరు గదిలో ఉండకూడదు."

"నేను లేకపోతే గేటు తియ్యరు."

"గేటు తీయించి బయట కూర్చోండి."

మార్చి 20, గురువారం

ఆడవాళ్ళ ఖురాను తరగతి. చివర్లో లేచి నిలబడ్డాను. నా గొంతు పక్క మనిషికే వినపడదు. ఎవరో ఫ్యాను ఆపారు.

"నా కూతురి పేరు షజీరా" అన్నాను. "నా ముందు ఆ పేరు అనచ్చు. హెలెన్ వస్తుంది మళ్ళీ. మీకిష్టమైతే చెప్పండి."

నేను కూర్చోబోతుంటే వెనక నుంచి హమీదన్ అక్క.

"షజీరా! నా చెట్టు మామిడికాయలన్నీ కోసుకుపోయి ఉప్పూ కారం కూడా నన్నే అడిగిన దొంగముండ! ఆరేళ్ళుగా తిట్టాలని ఉంది, ఈ మహాతల్లి తిట్టనివ్వలేదు!"

నవ్వులు. ఆ నవ్వుల్లోనే జైబున్ వదిన భోరుమంది. ఆవిడకి తమ్ముడెవరూ పోలేదు. ఇన్నాళ్ళూ నన్ను చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేదట.

మార్చి 22, శనివారం

పన్నెండు ఇళ్ళు. ప్రతి ఇంట్లో హెలెన్ లోపల, నేను వరండాలో ఉయ్యాల మంచం మీద. కిటికీ రెక్కల సందులోంచి వినపడుతూనే ఉంది. వినకూడదని నియమం లేదు.

షజీరా, మా పెద్దమ్మాయి పెళ్ళిలో గోరింటాకు పెట్టింది. షజీరానేనమ్మా, మా అత్తకి కళ్ళు కనపడకపోతే ఖురాను చదివి వినిపించేది. షజీరా, భలే మొండిది. షజీరా వాళ్ళాయన అసలు నాకు నచ్చలేదు, పెళ్ళిలోనే చెప్పాను. షజీరా. షజీరా.

ఆరేళ్ళ ఆకలి ఒక్క రోజులో తీరుతుందా? పన్నెండుసార్లు తిన్నాను. ఉపవాసం చెడలేదు.

మార్చి 25, మంగళవారం

లండన్ సభ రద్దయింది. పెద్దాయన, ఒకే ఒక్క మనిషి మీద నివేదిక ఎవడు చదువుతాడు అన్నాడట. నలభై పేజీలు పదకొండయ్యాయి. అయినా మంత్రిత్వ శాఖకి పంపే తీరతానని హెలెన్ పట్టు పట్టింది.

"ఎవరూ చదవకపోతే?" అంది నాతో, నీరసంగా.

"ఒక్క మనిషిని ఇంటికి తేవడానికి ఒక్క మనిషి చదివితే చాలదా అమ్మా?"

"మీరు లండన్ రావాలి కమ్రూన్ గారూ, మా పెద్దాయనకి చెప్పడానికి" అంది.

మార్చి 28, శుక్రవారం

నలభై ఒక్క ఇళ్ళూ అయ్యాయి. నలభైమంది షజీరా అన్నారు. ఒక ముసలమ్మ మాత్రం టీవీలో చూసిన గడ్డపాయన పేరు చెప్పిందట, ఆయన వాళ్ళ దూరపు చుట్టంలా ఉన్నాడని.

జుమా తర్వాత హెలెన్ మా ఇంటికి వచ్చింది. కొత్త ఫారం, ముప్పై తొమ్మిదో నంబరు. గదిలో నేను కూర్చున్నాను. బయట కూర్చోవడానికి ఈసారి ఎవరూ లేరు. వంటింట్లో ఇమ్తియాజ్ ఫ్రిజ్ వెనక చేరి ఏదో విప్పుతున్నారు. ఊరి ఫ్రిజ్‌లన్నీ బాగుచేస్తారు, మాది మాత్రం ఏడాదిగా మొరాయిస్తోంది.

హెలెన్ మొహం కదపకుండా, తల ఊపకుండా, నాకు నేర్పినట్టే చదివింది. తీవ్రవాద సంస్థలో చేరడానికి విదేశం వెళ్ళిన మనిషి, లేదా అలాంటివాళ్ళ వెంట వెళ్ళిన మనిషి ఎవరైనా మీకు స్వయంగా తెలుసా?

"తెలుసు."

"పేరు చెప్పడం ఇష్టమేనా?"

ఇష్టమే అన్నాను. నోరు తెరిచాను. ఊరంతా సులువుగా పలికిన పేరే, కానీ ఆయన వింటుండగా ఆరేళ్ళుగా అనలేదు, ఆగి వంటింటి వైపు చూశాను. వంటింట్లో స్క్రూడ్రైవరు చప్పుడు ఆగింది.

"షజీరా" అన్నారు ఇమ్తియాజ్, ఫ్రిజ్ వెనక నుంచి. కొంచెం ఆగి మళ్ళీ, ఇంకాస్త గట్టిగా, "షజీరా. మా అమ్మాయి. ఇద్దరు పిల్లలు కూడా. గది సర్దే ఉంచాం అని రాయమ్మా."

పక్కనున్నవాళ్ళు అందించిన జవాబు రాయకూడదు. అది నియమం. హెలెన్ నా మొహం చూసింది. నేను తల ఊపాను.

రాసింది.